ఎండ ముదిరాక పెట్టిన గూళ్ళు: మా తాబేళ్ళ హేచరీలో రెండు సీజన్లు

2022 మే మొదటి వారంలో ఒక పొద్దున్నే మా హేచరీలో, అంటే తాబేలు గుడ్లని తెచ్చి కంచె లోపల పూడ్చి కాపాడే చోట, ఒక గూడు తవ్వి చూశాం. మార్చి రెండో వారంలో ఒడ్డు మీద నుంచి తెచ్చి పూడ్చిన గుడ్లవి, లెక్క ప్రకారం పిల్లలు ఎప్పుడో పైకి వచ్చేయాలి, పక్క వరసలో ఫిబ్రవరి గూళ్ళన్నీ పగిలి పిల్లలు సముద్రంలోకి వెళ్ళిపోయి కూడా చాలా రోజులైంది, ఇది మాత్రం ఉలుకూ పలుకూ లేదు. చేత్తో మెల్లగా ఇసుక తీస్తుంటే పై వరస గుడ్లు పసుపు పచ్చగా మారి సొట్టలు పడి కనిపించాయి. ఒకటి చింపి చూశా. లోపల పిల్ల పూర్తిగా తయారైపోయి ఉంది, కళ్ళు, ముక్కు మీద గుడ్డు పగలగొట్టుకునే చిన్న ముల్లు, మడుచుకున్న రెక్కలు, పొట్ట కింద ఇంకా లోపలికి పోని పచ్చసొన సంచి. అన్నీ ఉన్నాయి, ప్రాణం లేదు. రెండోది అంతే, మూడోది అంతే. నూటికి పైగా గుడ్లున్న గూట్లో బతికున్న పిల్లలు రెండు చేతుల వేళ్ళకి సరిపోయాయి, అవి కూడా అడుగున ఒక మూల ఉన్నవే.

మాతో రాత్రిళ్ళు గస్తీ తిరిగే తాత ఒకాయన ఉన్నాడు, వయసులో ఉన్నప్పుడు కట్టుమరం మీద వేటకి వెళ్ళేవాడు, ఇప్పుడు కాళ్ళు సహకరించవు గానీ తాబేలు జాడ కనిపెట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆయన ఆ ఇసుకలో అరచెయ్యి పెట్టి "ఏటి బావూ, ఇసక ఇలా మండిపోతంది, గుడ్లు ఉడికిపోనాయి కదేటి" అన్నాడు. నేనేమీ మాట్లాడలేకపోయా, ఎందుకంటే ఆ గుడ్లని ఆ చోట పెట్టింది మేమే. తల్లి పెట్టిన చోటే వదిలేస్తే కుక్కలో నక్కలో తినేస్తాయని భయపడి తెచ్చాం, తెచ్చి మా చేతులతో ఎండలో పెట్టాం. ఈ కేసు వివరంగా రాయడానికి కారణం అదే. మన తీరం వెంట ఇలాంటి చిన్న చిన్న హేచరీలు నడిపేవాళ్ళు చాలామంది ఉన్నారు, మేం చేసిన తప్పు ఇంకొకరు చేయకూడదు.

మాది శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నానికి ఉత్తరాన ఒక మత్స్యకార గ్రామం. ఇక్కడికి వచ్చేవి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు. ఒడిశాలో రుషికుల్య, గహిర్మాత దగ్గర లక్షల్లో ఒకేసారి వచ్చి గుడ్లు పెట్టేవి కూడా ఇవే, మన తీరానికి మాత్రం ఒక్కోటిగా వస్తాయి, జనవరి నుంచి ఏప్రిల్ దాకా, ఒక రాత్రి నాలుగు, ఒక రాత్రి ఏమీ ఉండవు. ఒక్కో తల్లి దాదాపు 35 నుంచి 45 కేజీల బరువుంటుంది. అలల దాకా ఈదుకుంటూ వచ్చి, ఒడ్డెక్కి, వెనక కాళ్ళతో అడుగున్నర లోతు కూజా ఆకారంలో గొయ్యి తీసి, 100 నుంచి 120 గుడ్లు పెట్టి, మళ్ళీ ఇసుక కప్పి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో దాన్ని దిమ్మిస కొట్టినట్టు కొట్టి వెళ్ళిపోతుంది. ఆ చప్పుడు రాత్రిపూట దూరానికే వినబడుతుంది. మాతో గస్తీ తిరిగే తాత ఎప్పుడు తాబేలు వలలో పడినా బొట్టు పెట్టి దణ్ణం పెట్టి వదిలేసేవాడట. శ్రీకూర్మం మా జిల్లాలోనే కదా, కూర్మనాథుడి మీద ఇక్కడివాళ్ళకున్న భక్తి అలాంటిది. ఈ పనిలోకి దిగినప్పుడు ఊరివాళ్ళని ఒప్పించడానికి మాకు పెద్దగా కష్టపడాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు అసలు విషయం. తాబేలు గుడ్డులో ఆడో మగో అన్నది తల్లి కడుపులో తేలదు, మనుషుల్లోలాగా క్రోమోజోములు నిర్ణయించవు, ఇసుక వేడి నిర్ణయిస్తుంది. పొదిగే కాలాన్ని మూడు భాగాలు చేస్తే మధ్య భాగంలో గుడ్డు చుట్టూ ఎంత వేడి ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆలివ్ రిడ్లీల విషయంలో సుమారు 29, 30 డిగ్రీల దగ్గర సగం ఆడ సగం మగ, అంతకంటే చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి. ఇంకా పైకి వెళ్ళి 34, 35 డిగ్రీల దగ్గర చాలా రోజులు ఉండిపోతే ఆడా లేదు మగా లేదు, పిల్లే చచ్చిపోతుంది. తేడా చూడండి, అంతా కలిపి నాలుగైదు డిగ్రీల్లోనే ఉంది, మనకి ఫ్యాన్ ఒక పాయింటు పెంచుకుంటే సరిపోయేంత తేడా.

ఇంకో సంగతి కూడా చాలామందికి తెలియదు. పిల్లలు లోపల పెరిగేకొద్దీ వాటి ఒంటి వేడి కూడా ఇసుకకి కలుస్తుంది. ఒక గూట్లో నూరు పిల్లలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి ఆఖరి పదిహేను రోజుల్లో గూడు లోపల చుట్టూ ఉన్న ఇసుక కంటే ఎక్కువ వేడి ఉంటుంది. అంటే మార్చిలో పెట్టిన గుడ్లకి ఆ ఆఖరి పదిహేను రోజులు సరిగ్గా ఏప్రిల్ చివర, మే మొదట్లో పడతాయి, పైన ఎండ, లోపల పిల్లల వేడి, రెండూ కలిసి. మేం తవ్వి చూసిన గూట్లో పిల్లలన్నీ పూర్తిగా తయారయ్యాక చనిపోవడానికి కారణం ఇదేనని నా నిర్ధారణ. మొదట్లోనే పాడైపోయుంటే లోపల రక్తపు చారో, చిన్న పిండమో ఉండాలి, అలా లేవు.

2022 మార్చి దేశం మొత్తానికి 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అత్యంత వేడి మార్చి అని వాతావరణ శాఖ వాళ్ళే చెప్పారు. ఎండల మీదకి నెట్టేసి ఊరుకోవచ్చు, కానీ అది నిజాయితీ కాదు, ఆ ఎండని రెట్టింపు చేసింది మా హేచరీయే. ఎలాగో చెప్తా.

మాకొచ్చిన సలహా కాగితంలో హేచరీ ఎండ బాగా తగిలే చోట, పోటు నీరు అందని ఎత్తులో పెట్టమని ఉంది, మేం అక్షరం పొల్లు పోకుండా అలాగే చేశాం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు ఎలా నేలకొరిగాయో అందరికీ తెలుసు, మా ఒడ్డున ఉన్న సరుగుడు తోట కూడా అప్పుడే సగం పోయింది, మళ్ళీ 2021 సెప్టెంబర్‌లో గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గరే తీరం దాటింది, మిగిలిన చెట్లు కూడా పలచబడ్డాయి. అంటే పాతరోజుల్లో మధ్యాహ్నం మూడయ్యేసరికి తోట నీడ ఒడ్డు మీదకి పడేది, ఇప్పుడు పొద్దు గూకేదాకా ఎండే. దాని మీద మేం ఎంచుకున్న చోట ఇసుక నల్లది. మా తీరంలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలు ఎక్కువ, అలలు తెల్ల ఇసుకని లాక్కుపోయి నల్ల ఇసుకని పొరలుపొరలుగా వదిలేస్తాయి, ఎండలో నల్ల బట్ట వేసుకున్నట్టే, ఆ ఇసుక తెల్లదానికంటే ఎక్కువ వేడెక్కుతుంది. మూడోది, జాగా చాలక గూళ్ళని దగ్గరదగ్గరగా పూడ్చాం, రెండడుగులు కూడా లేదు, ఒక గూటి వేడి ఇంకో గూటికి. నాలుగోది అన్నిటికంటే సిగ్గుపడాల్సింది, మా దగ్గర ఆ సీజన్ అంతా ఒక్క థర్మామీటర్ కూడా లేదు. ఒకచోట అడిగాం, ఇస్తామన్నారు, సీజన్ అయిపోయింది, వాళ్ళని అని లాభం లేదు, మేం కొనుక్కోవాల్సింది.

ఆ మే నెలలోనే అసని తుఫాను కూడా వచ్చింది, సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి ఒడ్డుకి బంగారు రంగు రథం కొట్టుకొచ్చిన తుఫాను అదే, టీవీల్లో అందరూ రథాన్ని చూశారు, మేం మాత్రం హేచరీ కంచె దాకా వచ్చిన నీళ్ళని చూస్తూ కూర్చున్నాం. మిగిలిన ఒకటి రెండు గూళ్ళలోకి ఉప్పునీరు దిగింది, అవి కూడా పోయాయి.

ఆ వానాకాలమంతా నేను దీని గురించే చదివా, తెలిసినవాళ్ళని అడిగా. టొరంటోలో పని చేసిన శాస్త్రవేత్త నికోలస్ మ్రోసోవ్‌స్కీ, ఇంటెమా అనే ఆయనతో కలిసి 1980లోనే రాసేశాడు, హేచరీలు గుడ్ల వేడిని మార్చేసి తెలియకుండానే ఒక తరం మొత్తాన్ని మగవాటిగానో ఆడవాటిగానో చేసేస్తున్నాయి జాగ్రత్త అని. అప్పట్లో గుడ్లని థర్మాకోల్ పెట్టెల్లో నీడపట్టున పొదిగించేవాళ్ళు, అవి చల్లగా ఉండి మగపిల్లలు ఎక్కువయ్యే ప్రమాదం ఉండేది, మాది దానికి పూర్తిగా అడ్డం తిరిగిన కేసు. ఒడ్డు మీద తల్లి ఒకటి చెట్టు కింద పెడుతుంది, ఒకటి తడి దగ్గర పెడుతుంది, ఒకటి మెట్ట మీద పెడుతుంది, ఆ గూళ్ళన్నీ ఒకేలా వేడెక్కవు, కొన్ని పోతే కొన్ని మిగులుతాయి, మగవీ పుడతాయి ఆడవీ పుడతాయి. మనం వాటన్నిటినీ ఏరుకొచ్చి ముప్పై అడుగుల చదరంలో ఒకే ఇసుకలో పెడితే ఆ ఊరి తీరం మొత్తానికి ఆ ఏడాది పుట్టే పిల్లల రాత మన చేతిలో పడిపోతుంది. ఈ మాట నాకు అర్థమైన రోజు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో ఆకుపచ్చ తాబేళ్ళ మీద 2018లో వచ్చిన అధ్యయనం చూస్తే ఇది ఎంత దూరం వెళ్ళగలదో తెలుస్తుంది, అక్కడి వేడి ఒడ్డుల నుంచి వచ్చిన ఇంకా ఈడుకు రాని తాబేళ్ళలో 99 శాతం ఆడవే. పైకి చూస్తే తాబేళ్ళు బోలెడు ఉన్నట్టే ఉంటుంది, ఒడ్డుకి వచ్చేవి ఆడవే కాబట్టి కొన్నేళ్ళు గూళ్ళు పెరిగినట్టు కూడా కనిపిస్తుంది, మగవి దాదాపుగా ఒడ్డెక్కవు, అవి తగ్గిపోతున్నాయని మనకి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. రిడ్లీలు ఈడుకి రావడానికి పది పదిహేనేళ్ళు పడుతుంది, అంటే 2022లో మేం చేసిన దాని ఫలితం ఇంకా సముద్రంలోనే ఉంది. ఒక మగ తాబేలు చాలా ఆడవాటితో కలవగలదు కాబట్టి ఆడవి కొంచెం ఎక్కువున్నా ఫర్వాలేదంటారు, అది నిజమే, కొంచెం వరకే.

2023 సీజన్‌కి ఏం మార్చామో చెప్తా. ముందు చోటు మార్చాం, ఉత్తరం వైపు ఇసుక తెల్లగా ఉన్న పట్టీ ఒకటుంది, కాలవ దగ్గర కాస్త ఎత్తులో, అక్కడికి. గూటికి గూటికి మధ్య మీటరు. మధ్యలో కంచె లాగి రెండు భాగాలు చేశాం, ఒక సగం ఖాళీగా, ఇంకో సగానికి తాటాకు పందిరి. గ్రీన్ నెట్ కొనమన్నారు కొందరు, తాటాకు మా ఊళ్ళో ఉచితం, చిరిగితే మార్చుకోవచ్చు, తాత దగ్గరుండి కట్టించాడు, కింద నిలబడితే నేల మీద ఎండ మచ్చలు మచ్చలుగా పడేలా, మరీ చీకటి కాకుండా. నాలుగు డిజిటల్ థర్మామీటర్లు కొన్నాం, పొడుగు వైరు ఉన్నవి, అడుగున్నర లోతుకి సెన్సరు దించి. గుడ్లు లేని ఉత్తి గొయ్యిలో ఒకటి, గూళ్ళ మధ్యలో ఒకటి, అలా రెండు సగాల్లోనూ.

రోజూ నోటుబుక్కులో రాసేవాళ్ళం, పొద్దున ఆరుకి, మధ్యాహ్నం రెండుకి, రాత్రి పదకొండుకి. మొదటి వారంలోనే ఒక విషయం కళ్ళు తెరిపించింది. మధ్యాహ్నం రెండింటికి ఇసుక మీద చెప్పుల్లేకుండా నిలబడలేం, కాళ్ళు బొబ్బలెక్కుతాయి, అడుగున్నర లోతులో మాత్రం అప్పుడు రోజులో తక్కువ వేడి. పైన పడ్డ ఎండ కిందికి దిగేసరికి రాత్రవుతుంది, మేం గస్తీ నుంచి చల్లగాలిలో వచ్చి చూసేసరికి కింద గూడు దగ్గర పొద్దుటికంటే ఎక్కువ చూపించేది. మేం అంతకుముందు ఏడు మధ్యాహ్నం పూట పైన బకెట్లతో నీళ్ళు చల్లి చల్లబరిచేశాం అనుకునేవాళ్ళం, ఆ నీళ్ళు పై నాలుగు వేళ్ళు తడిపి ఆవిరైపోయేవి.

జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో వచ్చిన గూళ్ళన్నీ ఖాళీ సగంలో పెట్టాం, కావాలనే. ఆ రోజుల్లో ఇసుక ఇంకా చల్లగా ఉంటుంది, మగపిల్లలు పుట్టేది ఎక్కువగా ఈ గూళ్ళలోనే. వాటిని నీడలో పెడితే ఇంకా చల్లబడి అన్నీ మగవే అవుతాయేమో, ఎండలో వదిలేస్తే రెండూ పుడతాయి అని మా ఆలోచన. అయితే 2023 ఫిబ్రవరి కూడా దేశంలో రికార్డు వేడి ఫిబ్రవరి అయి కూర్చుంది. ఫిబ్రవరి చివరికే ఖాళీ సగంలో 30 దాటేసింది, మేం మగవి పుడతాయనుకున్న గూళ్ళకి సరిగ్గా మధ్య రోజుల్లో. అప్పటికప్పుడు కొబ్బరి మట్టలు తెచ్చి పగటిపూట ఆ గూళ్ళ మీద అడ్డం వేశాం, సాయంత్రం తీసేసేవాళ్ళం. దాదాపు మూడు వారాలు రోజూ చేశాం ఆ పని, ఊళ్ళో పిల్లలే ఎక్కువ సాయం చేశారు, స్కూలుకి వెళ్ళేముందు మట్టలు వేసి వెళ్ళేవాళ్ళు.

మార్చి నుంచి వచ్చిన గూళ్ళు మాత్రం అన్నీ పందిరి కిందకే, పోల్చి చూడ్డానికని రెండు గూళ్ళు తప్ప. ఆ రెండిటిని ఖాళీ సగంలో పెట్టాలా వద్దా అని మాలో మాకు గొడవైంది, తెలిసి తెలిసి చంపుతామా అని తాత కోప్పడ్డాడు, చివరికి ఖాళీ సగంలోనే పెట్టి 33 దాటితే మట్టలు వేయాలని ఒప్పందం చేసుకున్నాం. ఏప్రిల్ రెండో వారంలోనే వేయాల్సి వచ్చింది.

ఫలితం చెప్పాలంటే, పందిరి కింద ఇసుక ఖాళీ సగం కంటే ఒకటి నుంచి రెండు డిగ్రీలు తక్కువ ఉండేది, ఏప్రిల్‌లో కూడా. ఖాళీ సగంలో మార్చి గూళ్ళు 46, 47 రోజులకే పగిలాయి, పందిరి కిందవి 52, 53 రోజులు తీసుకున్నాయి. ఎన్ని రోజులకి పగిలిందో చూస్తేనే లోపల ఎంత వేడి ఉందో అంచనా వేయొచ్చు, థర్మామీటర్ లేనివాళ్ళు కనీసం ఈ తేదీలైనా రాసిపెట్టుకోండి. పందిరి కింద గూళ్ళు తవ్వి చూస్తే ఖాళీ పెంకులే ఎక్కువ, పూర్తిగా తయారయ్యి చనిపోయిన పిల్లలు ఒక్కో గూట్లో అయిదారు మించి లేవు. పిల్లల్లో కూడా తేడా కంటికి కనిపించింది. ఎండ గూళ్ళ నుంచి వచ్చినవి కాస్త చిన్నగా, నీళ్ళ దాకా వెళ్ళడానికి మధ్యలో రెండు మూడుసార్లు ఆగి ఆగి వెళ్ళాయి, పందిరి కిందవి కంచె తీయగానే బరబరా పాకాయి. పీతలు కాచుక్కూర్చునే ఒడ్డు మీద ఆ ఆగడమే ప్రాణం మీదికి తెస్తుంది.

ఒక గూడు పందిరి కిందే పాడైంది, అది కూడా చెప్పాలి. ఒక మూల తాటాకు రెండు పొరలు పడింది, మావాడొకడు జాగ్రత్త ఎక్కువై రోజూ సాయంత్రం మంచినీళ్ళు పోశాడు, ఆ గూట్లో గుడ్లకి బూజు పట్టి సగానికి పైగా పోయాయి. గుడ్డు పెంకు గుండా గాలి ఆడాలి, ఇసుక బురదగా ఉంటే లోపల పిల్లకి ఊపిరందదు. నీళ్ళు తప్పనిసరైతే వారానికి ఒకసారి, సాయంత్రం, చిన్న జల్లు పడినట్టు, అంతకంటే వద్దు.

ఆడవెన్ని మగవెన్ని అని అందరూ అడుగుతారు. పిల్లని పైనుంచి చూసి చెప్పలేం, లోపల అవయవాలు మైక్రోస్కోపు కింద చూడాలి, ఇవి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జీవులు, బతికున్నదాన్ని ముట్టుకునే ప్రశ్నే లేదు, చనిపోయినవాటిని పరీక్షకి పంపాలన్నా అనుమతి కావాలి. అందుకని మా దగ్గరున్నది మధ్య మూడో వంతు రోజుల ఇసుక వేడి, పొదిగిన రోజుల లెక్క, అంతే. దాన్ని బట్టి మార్చి గూళ్ళలో నీడ కిందైనా సరే ఆడవే ఎక్కువ పుట్టుంటాయి, మగవి ఏవైనా ఉంటే జనవరి గూళ్ళ నుంచి వచ్చినవే. అందుకే నా అభిప్రాయం గట్టిగా చెప్తున్నా, మనవాళ్ళు చాలామంది గూళ్ళు బాగా వచ్చే ఫిబ్రవరి చివర నుంచి గస్తీ మొదలుపెడతారు, అది సరిపోదు. సీజన్ మొదట్లో వచ్చే ఆ కొద్ది గూళ్ళని కుక్కలకి వదిలేస్తే మగపిల్లల్ని వదిలేసినట్టే, జనవరి మొదటి వారం నుంచే ఒడ్డు మీద ఉండాలి, చలిలో కష్టమే అయినా.

కోట్ల ఏళ్ళ నుంచి ఉన్న జీవులు, ఎన్ని వేడి కాలాలు చూశాయో, వాటి దారి అవి చూసుకుంటాయి అనేవాళ్ళు కూడా ఉన్నారు. చూసుకునేవే, టైము ఉంటే. ముందుగా వచ్చి గుడ్లు పెట్టడమో, చల్లటి ఒడ్డుకి మారడమో తరాల మీద జరిగే పని, ఇక్కడ ఒక తాబేలు ఈడుకి వచ్చేలోపే ఒడ్డు మారిపోతోంది, మారిన చోట గోడలు, లైట్లు, రోడ్లు ఉంటున్నాయి. పైగా సముద్రంలో ట్రాలర్ వలలు వేరే. మన దగ్గర వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, తాబేళ్ళు ఒడ్డు దగ్గర తిరిగే జనవరి, ఫిబ్రవరి, మార్చి మొత్తం వలలు నీళ్ళలోనే ఉంటాయి, జతకట్టడానికి వచ్చిన మగవి కూడా అందులోనే పడతాయి. ఒడ్డున మేం ఒక్కో డిగ్రీ తగ్గించి మగపిల్లల్ని కాపాడుకుంటుంటే ఉన్న మగవి అక్కడ పోతుంటే మనసు ఎలా ఉంటుందో చెప్పలేను.

నెల్లూరు, బాపట్ల, కృష్ణా వైపు హేచరీలు చేసేవాళ్ళు మమ్మల్ని కాపీ కొట్టకండి, ముందు మీ ఇసుక కొలవండి. మీ దగ్గర ఇసుక రంగు వేరు, గాలి వేరు, తేమ వేరు. గుడ్లు తెచ్చేటప్పుడు మాత్రం ఎక్కడైనా ఒకటే పద్ధతి, తల్లి పెట్టిన రెండు మూడు గంటల్లోపు తీసెయ్యాలి, ఎంత ఆలస్యమైనా ఆరు గంటలు దాటనివ్వకండి, ఎలా ఉన్న గుడ్డుని అలాగే, తిప్పకుండా, ఆ గూటి తడి ఇసుకతో కలిపి బుట్టలో పెట్టి తేవాలి, లోపల పిండం పెంకుకి అతుక్కున్నాక గుడ్డు తిరగబడితే తెగిపోయి చచ్చిపోతుంది. పెట్టిన రాత్రే తీయలేకపోతే ముట్టుకోవద్దు, అక్కడే వల కప్పి కాపలా కాయండి. నిజానికి నాకిప్పుడు అదే మంచి పద్ధతి అనిపిస్తోంది, కుక్కలు రాని చోట ఉన్న గూళ్ళని అసలు కదపకుండా ఉంచేయడం. 2023లో అలా ఒడ్డు మీదే వదిలేసిన గూడు ఒకటుంది, సరుగుడు తోట మిగిలిన ముక్క పక్కన, మధ్యాహ్నం రెండు తర్వాత నీడ పడే చోట. తాత చూపించాడు, చుట్టూ ముళ్ళకంప వేశాం. 54వ రోజు రాత్రి పిల్లలన్నీ వాటంతటవే వచ్చి వెళ్ళిపోయాయి, పొద్దున్నే వెళ్ళి చూస్తే గూటి దగ్గర నుంచి నీళ్ళ దాకా ఇసుక మీద చిన్న చిన్న గీతలు, తవ్వితే పెంకులు, చనిపోయినవి మూడే. ఆ పక్కనే ఈసారి సరుగుడు మొక్కలు నాటాం, గూళ్ళకి జాగా వదిలి కాస్త వెనక్కి.